ఇంట్లో తెలుసా?

తుపాకుల కొట్లో కౌంటరు వెనకున్న కుర్రాడు మా ఆయన పూర్తిచేసిన ఫారం తిరగేస్తూ, "ఇంతకీ ఇంట్లో తెలుసా?" అన్నాడు. నేను పక్కన లేననుకుని అన్న మాట కాదు. నన్ను చూసి, నాకు వినపడాలనే అన్నాడు. గాజుబల్ల మీద మోచేతులానించి నిలబడ్డ పెద్దమనుషులిద్దరు పగలబడి నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను. డాలస్‌కి ఉత్తరాన మేముండే ఊళ్ళో ఈ కొట్టు కిరాణా దుకాణానికీ పళ్ళ డాక్టరుకీ మధ్యన ఉంటుంది. పాలకోసం వెళ్ళినప్పుడల్లా "ఐదు నిమిషాలే" అంటూ ఆయన అందులోకి దూరతాడు, సంచులు పట్టుకుని వెనకాలే నేను. ఎప్పుడెళ్ళినా ఎవరో ఒకరు ఈ మాటే కాస్త అటూ ఇటూ మార్చి ఎవరో ఒక మొగుణ్ణి అడుగుతుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటారు. ఇందులో అంత నవ్వేందుకేముందా అని నాకు చాలాకాలంగా ఒకటే నస.

ఆ ఫారం సంగతే చూడండి. 4473 నంబరు కాగితం అది. పొడుగెంత, బరువెంత, ఎక్కడ పుట్టావు, మత్తుమందులు వాడతావా, ఎప్పుడైనా శిక్ష పడిందా, సైన్యంలోంచి పరువుతక్కువగా బయటికి పంపారా, ఈ దేశపు పౌరసత్వం వదులుకున్నావా... ఒకటా రెండా? మధ్యపేరు లేనివాళ్ళు లేదన్న సంగతి కూడా రాసితీరాలి. తర్వాత కొట్టువాడు ఎఫ్‌బీఐ వాళ్ళ దగ్గర పేరు సరిచూస్తాడు. 1998 నవంబరు నుంచి ఇదే పద్ధతి. చాలాసార్లు నిమిషాల్లో సరేనని వస్తుంది, ఒక్కోసారి ఆగమని వస్తుంది. ఇన్ని అడిగే కాగితంలో, ఆ ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్ళకిది ఇష్టమేనా అన్న ప్రశ్న మాత్రం లేదు. సర్కారు అడగనిది కొట్టువాడు అడుగుతున్నాడన్నమాట, అదీ వేళాకోళంగా. నవ్వు అందుకేనేమో. లేక, అడిగింది ఆయన్నే అయినా జవాబు నా మొహంలో వెతుక్కోవచ్చని అందరికీ తెలుసు కాబట్టా?

మా ఆయనకిది పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు. కందుకూరు దగ్గర పొగాకు బ్యారన్ల మధ్య పెరిగిన మనిషి. దీపావళికి తాటాకు టపాకాయ కాల్చాలన్నా ముందు చెవులు మూసుకునేవాడని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తుపాకీ ఊసే లేదు, ఉండడానికి వీల్లేదు కూడా. వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, ఆ వీసావాళ్ళ దగ్గర తుపాకీ ఉండటమే ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డుతో ఆ అడ్డు పోయింది. దానికోసం మనవాళ్ళు ఎన్నేళ్ళు కాచుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. అన్నేళ్ళూ "ఇది నీకు లేదు" అన్నవన్నీ ఒక ఉదయాన "నీకూ ఉంది" అయిపోతే మనిషికి ముందు ఏది కావాలనిపిస్తుందో ఎవరం చెప్పగలం? కొందరు ఉద్యోగం మారతారు, కొందరు ఇండియా వెళ్ళి ఆర్నెల్లు ఉండొస్తారు. ఈయన పిస్తోలు కొన్నాడు. మొదటిది రక్షణకన్నాడు. రెండోది సరదాకన్నాడు. ఆ తర్వాతవి ఎందుకో చెప్పడం మానేశాడు, నేనూ అడగడం తగ్గించాను.

కొనడం ఒక విద్య అయితే, కొన్నాక ఇంట్లో శాంతి నిలబెట్టడం మరో విద్య. ఈ రెండోదాంట్లో ఆరితేరిన మగవాళ్ళు ఈ రాష్ట్రంలో కోకొల్లలు. తుపాకుల ప్రియులు ఒకరికొకరు చెప్పుకునే పాత జోకొకటుంది: "దేవుడా, నేను పోయాక మా ఆవిడ నా తుపాకులన్నీ, నేను తనకు చెప్పిన ధరకి అమ్మేయకుండా చూడు." మొదటిసారి విన్నప్పుడు నేనూ హాయిగా నవ్వాను. మరో పద్ధతి, పెళ్ళాం పుట్టినరోజుకి గులాబీరంగు పిడి ఉన్న చిన్న పిస్తోలు కొనివ్వడం. ఇంకొకరి డబ్బుతో, ఇంకొకరి కోసం తన పేరున కొనడం నేరం కానీ, సొంత డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇస్తే తప్పులేదు. ఆ బహుమతి చివరికి ఎవరి బీరువా చేరుతుందో చట్టానికి అనవసరం. మా ఇంటి పద్ధతి మాత్రం అచ్చంగా మనది, బంగారం. ఒక ఉగాదికి నేను అడక్కుండానే గాజుల జత వచ్చింది. మురిసిపోయాను. రెండు వారాల తర్వాత తలుపు దగ్గర పొడుగాటి పెట్టె దిగింది. ఆ తర్వాత ఆయన బంగారం ధర గురించి మాటెత్తితే చాలు, నా కళ్ళు వాకిట్లోకి పోతాయి. గాజులు తొడుక్కోవడం మానలేదు, అది వేరే విషయం.

పెట్టె ఇంటికే ఎలా వచ్చిందంటారా? యాభై ఏళ్ళు దాటిన తుపాకులు పోగుచేసేవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక లైసెన్సు ఉంది. మూడేళ్ళకి ముప్ఫై డాలర్లు. అది ఉంటే పాత తుపాకులు కొట్టుకి వెళ్ళే పనిలేకుండా నేరుగా ఇంటికి తెప్పించుకోవచ్చు. తెచ్చినవాడు పెద్దవాళ్ళ సంతకం లేకుండా ఇవ్వడు, ఆ వేళకి ఆయన ఆఫీసులో ఉంటాడు. అంటే నాకు చెప్పకుండా కొన్న వస్తువుని సంతకం పెట్టి దించుకునేది నేనే. ఒకసారి అలా దించుకున్న పెట్టె సాయంత్రం విప్పుతుంటే, ఏదో కోపం వెళ్ళగక్కుదామని దగ్గరికెళ్ళి, నోట మాట రాక నిలబడిపోయాను. కర్ర నల్లబడి, నూనె పీల్చి, చేతులు పడ్డచోట నునుపెక్కి ఉంది. చీలిపోకుండా కర్రకి అడ్డంగా ఒక మర బిగించారు. బోల్టు పిడి వెనకాల, ఉక్కు మీద సింహాల ముద్ర. దాని కింద ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు, 1966.

రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. కలకత్తాకి పైన, హుగ్లీ ఒడ్డున. 1962 చైనా యుద్ధం అయ్యాక, బ్రిటిష్‌వాళ్ళ కాలం నాటి త్రీ నాట్ త్రీ నమూనానే తీసుకుని, మెరుగైన ఉక్కు వేసి, 7.62 తూటా పట్టేలా మార్చి చేశారట దీన్ని. సైన్యానికి అక్కర తీరాక వేలకొద్దీ పాత సరుకుగా అమెరికా వచ్చి పడ్డాయి. ఆయన గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు గానీ నాకు సగమే వినపడింది. మా ఊరి హైస్కూలు వరండా కళ్ళముందుకొచ్చింది. ఎన్నికలప్పుడు బ్యాలెట్ పెట్టెలకి కాపలాగా ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళ భుజాల మీద అచ్చం ఇదే ఆకారం. మధ్యాహ్నం మా ఇంటినుంచే భోజనం వెళ్ళేది. వాళ్ళు వంతులవారీగా తినేవాళ్ళు, తినేవాడు కూడా తుపాకీ గోడకి ఆనించకుండా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దానిమీంచి వంగి పప్పన్నం కలుపుకునేవాడు. "ముట్టుకోవచ్చా?" అని మా తమ్ముడడిగితే ఆ కానిస్టేబులు, "పోతే నా ఉద్యోగం పోద్ది, బాబూ" అన్నాడు. తుపాకీ అంటే నాకు తెలిసింది అంతే. అది సర్కారుది, మోసేవాడిది కూడా కాదు. మన దేశంలో 2019 సవరణ తర్వాత లైసెన్సున్న మనిషికి రెండుకి మించి తుపాకులుండకూడదు. ఆ లైసెన్సు కోసం తిరిగే తిరుగుడు సంగతి సరేసరి. అక్కడ ముట్టుకోనివ్వనిది టెక్సస్‌లో నా వంటింటి బల్ల మీద, కొత్తిమీర కట్ట పక్కన పడుకుని ఉంది. దాన్ని ముట్టుకున్నాను. నాలుగు కిలోల పైమాటే బరువు. ఆ ఒక్కదాని మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. ఎందుకని? అది మనూరిదనా, పాతదనా, లేక నాకూ ఆ పిచ్చి కాస్త అంటుకుందా?

అంటుకుందేమోనన్న అనుమానం ఊరికే రాలేదు. భార్యని ఈ దారిలోకి తేవాలనుకునేవాళ్ళు మొదట పాయింట్ టూటూ రైఫిల్ చేతికిస్తారు. తూటా చిన్నది, భుజానికి దెబ్బ ఉండదు, శబ్దం తక్కువ. మా ఆయనా నన్ను రేంజికి తీసుకెళ్ళి అలాగే చేశాడు. చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు. కాల్చాక బయటికెగిరే ఖాళీ తొడుగులు కాలుతుంటాయి, మెడ దగ్గర తెరిచిన జాకెట్లు వేసుకురావొద్దని అక్కడి అమ్మాయి ముందే చెప్పింది. ఊపిరి సగం వదిలి, ఆపి, మెల్లగా వేలు వెనక్కి లాగాలి. కాగితం మీద చుక్కలాంటి కన్నం పడింది. ఆ క్షణం సేపు బుర్రలో ఏమీ లేదు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు లేవు, ఆఫీసులో ఎవరో అన్న మాట లేదు. ధ్యానం తరగతులకి డబ్బు కట్టి మరీ వెళ్ళి రాని నిశ్శబ్దం, అంత చప్పుడు మధ్యలో దొరికింది. ఇంటికొచ్చాక ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే మర్నాడే గులాబీరంగు పిడి వస్తుందని భయం.

మరి ఇంతకీ నాకేమిటి బాధ? డబ్బా? డబ్బు మాట కొంత నిజమే. పెద్ద తూటాలు ఒక్కోటి డాలరు దాకా అవుతాయి, శనివారం పొద్దున్నే వంద కాల్చొస్తే ఆ లెక్క చాలాసేపు నా చెవుల్లో మోగుతుంది. కానీ నా పట్టుచీరలు మాత్రం ఊరికే వచ్చాయా? ఆయన ఎప్పుడూ తెచ్చే వాదన అదే: "నీ బీరువా నీది, నా బీరువా నాది." ఈ వాదనలో ఏదో మెలిక ఉందని తెలుస్తూనే ఉండేది, పట్టుకోలేకపోయేదాన్ని. ఒక రాత్రి పట్టుబడింది. నా చీర బీరువాలో ఉంటే ఆయన నిద్రకి ఏ అడ్డూ లేదు. ఆయన తుపాకీ బీరువాలో ఉంటే నేను అర్ధరాత్రి లేచి, మా అబ్బాయి గది తలుపు సందులోంచి దీపం వెలుగుతోందా అని చూస్తున్నాను. వాడికి పదహారు. పరీక్ష పోయినా, స్నేహితుడు మాట్లాడకపోయినా ప్రపంచం అయిపోయిందనుకునే వయసు. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మందైతే, అందులో 26,328 మంది తమని తాము కాల్చుకున్నవాళ్ళే. టీవీలో చూపించే దొంగలు, బడుల్లో కాల్పులు, అవన్నీ మిగతా సగంలోపే. దొంగ భయానికి కొన్న వస్తువు ఎక్కువగా ఇంట్లోవాళ్ళ దుఃఖం వైపే తిరుగుతోందన్నమాట. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్ చట్టంలోనూ నేరమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తాళం విషయంలో ఆయన్ని తప్పుపట్టలేను. కానీ బీరువా అంకెలు ఏం పెట్టుకున్నాడో తెలుసా? మా పెళ్ళి తేదీ. మర్చిపోకుండా ఉంటుందట! హాల్లో పెళ్ళి ఫొటో కిందే ఆ తేదీ బంగారు అక్షరాలతో ఉంది కదండీ అన్నాను. ఆ రాత్రే మార్చాడు.

మా చెల్లెలు కెనడాలో ఉంటుంది. అక్కడ తుపాకీ లైసెన్సుకి అర్జీ పెట్టుకుంటే, ఇప్పుడు కలిసి ఉంటున్న భార్యో భర్తో, గత రెండేళ్ళలో విడిపోయినవాళ్ళుంటే వాళ్ళూ సంతకం పెట్టాలి. పెట్టకపోతే అధికారులే వాళ్ళకి కబురు చేస్తారు. మా మరిదికి అలాంటి సరదా లేదు కాబట్టి చెల్లెలికి ఆ సంతకం అవసరం పడలేదు. నాకు మాత్రం ఆ కాగితం తలుచుకుంటే ఈర్ష్య. ఇక్కడ పెళ్ళాం మాట చట్టం వినేది ఇల్లు విరిగాకే. కొట్టాడని, బెదిరించాడని కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తే, అప్పుడు ఆ మగవాడి దగ్గర తుపాకీ ఉండకూడదు. ఆ నియమం కూడా ఉండాలా వద్దా అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రహీమీ కేసు, మా టెక్సస్‌దే. 2024 జూన్‌లో ఎనిమిదిమంది జడ్జీలు ఉండాల్సిందేనన్నారు, ఒకరు కాదన్నారు. దెబ్బ పడ్డాక వినే చట్టానికీ, నవ్వుతూ అడిగే కొట్టువాడికీ మధ్య ఉన్న ఖాళీలోనే మామూలు కాపురాలన్నీ ఉన్నాయి. కొట్టని, తిట్టని, గాజులు తెచ్చే మొగుళ్ళ కాపురాలు. అక్కడ నన్ను అడిగేదెవరు? తమాషా ఏమిటంటే, టెక్సస్‌లో పెళ్ళయ్యాక సంపాదనతో కొన్నది సాధారణంగా ఇద్దరిదీ. ఆ లెక్కన ఆ ఇషాపూర్ రైఫిల్‌లో నాకూ వాటా ఉంది. బోల్టు వైపా, మడమ వైపా అని అడిగితే మా ఆయన చాలాసేపు ఆలోచించి, "కర్ర నీది, ఉక్కు నాది" అన్నాడు.

దసరాకి ఈయన బీరువా తలుపు బార్లా తీసి పసుపు కుంకుమ పెట్టమంటాడు. ఆయుధపూజ అంటే ఇదే కదా అని వాదన. నేను కారుకీ, కత్తిపీటకీ, నా ల్యాప్‌టాప్‌కీ పెట్టి, దానికీ ఒక బొట్టు పెడతాను. పెట్టేటప్పుడు ఏటా జమ్మిచెట్టే గుర్తొస్తుంది. పాండవులు అజ్ఞాతవాసానికి ముందు ఆయుధాలన్నీ మూటగట్టి చెట్టెక్కించి, దాంతోపాటు ఒక శవాన్ని కట్టి, ఇది మా ముసలితల్లి శవం, మా కులాచారమిది అని పశువుల కాపర్లని నమ్మించారు. అంతటి ధర్మరాజుకే ఆయుధాలు దాచడంలో అబద్ధం తప్పలేదు చూశావా అని మా ఆయన ఆ కథని తనవైపు లాక్కుంటాడు. ఆయన గమనించనిది ఒకటుంది. ఆ అబద్ధం పశువుల కాపర్లకి. ద్రౌపది చెట్టు కిందే నిలబడి ఉంది. ఏ కొమ్మన ఏముందో ఆవిడకి తెలుసు, తెలుసు కాబట్టే తర్వాత విరాటుడి గోవుల్ని తోలుకుపోయినప్పుడు, బృహన్నలని సారథిగా తీసుకెళ్ళమని ఉత్తరుడికి దారి చూపించగలిగింది. నన్ను సంతోషపెట్టాలని ఆయన పడే తంటాలు చూస్తే జాలేస్తుంది కూడా. నాకు కావలసింది గాజులు కాదండీ, ఆ చెట్టు కింద చోటు అందామనుకుంటాను. పురాణం చదివి కొట్లాడుతోందంటాడని ఊరుకుంటాను.

ఒక్కసారి మాత్రం ఊరుకోలేదు. మా వీధిలో ఒకావిడ భర్త గుండెపోటుతో పోయాడు. నెల తర్వాత ఆవిడ గరాజులో రెండు పెద్ద ఇనప్పెట్టెలున్నాయి, తెరవడం రావట్లేదని ఇంటింటికీ తిరిగి సాయం అడిగింది. తాళాలవాణ్ణి పిలిపించి పగలగొట్టించారు. లోపల పాతవీ కొత్తవీ తుపాకులు. ఏది ఎంతకి కొన్నాడో, వేటికి కాగితాలున్నాయో, దేన్లో తూటాలున్నాయో కూడా ఆవిడకి తెలియదు. సాయం చేయడానికి వచ్చిన పెద్దమనిషి ఒకడు, "అన్నీ కలిపి నేనే తీసుకుంటాలే" అన్నాడట. నిజంగా ఆయన్ని నమ్మి ఆవిడ ఇచ్చేసింది. అప్పటినుంచి ఆ ధరల జోకుకి నాకు నవ్వు రావడం మానేసింది. ఇంటికొచ్చి మా ఆయనతో ఒకే మాటన్నాను: "రాసివ్వండి. నాకు చెప్పిన ధర కాదు, కొన్న ధర." ఆ ఆదివారమంతా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నల్ల నోటుబుక్కులో తెలుగులో రాశాడు. పేరు, నంబరు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత, అమ్మాలంటే ఎవరికి ఫోన్ చేయాలి. అంకెల దగ్గరకొచ్చేసరికి అక్షరాలు మరీ చిన్నవయ్యాయి. భూతద్దం తెచ్చుకుని చదివాను. కొన్నిటికి నాకు చెప్పింది సగం ధర. ఇషాపూర్‌దానికి మాత్రం సరైన ధరే చెప్పాడు! ఎందుకని అడిగితే, "దాన్ని చూస్తే నువ్వు ఏమీ అనవని తెలుసు" అన్నాడు. అంటే అబద్ధం ధరని బట్టి కాదు, నా మొహాన్ని బట్టి చెబుతున్నాడన్నమాట. కోపం రావలసిన మాటే. ఇన్నేళ్ళుగా నా మొహాన్ని ఇంత శ్రద్ధగా చదువుతున్నాడా అని ఎక్కడో కాస్త గర్వం కూడా వేసింది. ఈ రెంటిలో ఏది నిజమైన భావమో నాకింకా తేలలేదు.

ఇప్పుడు కొత్త గొడవ సైలెన్సరు. 1934 చట్టం పుణ్యమాని దానిమీద రెండు వందల డాలర్ల పన్ను ఉండేది. అప్పట్లో రెండు వందలంటే మాటలు కాదు. తర్వాత తొంభై ఏళ్ళలో పైసా పెంచలేదు, తీసేయనూ లేదు. ఆ పన్ను, వేలిముద్రలు, అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూపులు, ఇవే ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నా పుట్టింటి తరఫు చుట్టాలు. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా. వేలిముద్రలు, అర్జీ ఇంకా ఉన్నాయి గానీ, అనుమతి మునుపటికంటే తొందరగా వస్తోందట. "నీ చెవుల కోసమే కొంటున్నా" అంటాడు. నా చెవులు రేంజికి వెళ్ళేది ఏడాదికెప్పుడో. అదే అన్నాను. "అయితే ఇద్దరం తరచుగా వెళ్దాం" అన్నాడు. ధర ఎంత అన్నాను. చెప్పాడు. "నోటుబుక్కులో రాసే ధరా, నాకు చెప్పే ధరా?" అంటే నోటుబుక్కుదేనన్నాడు. నమ్మాను. నమ్మి, బీరువాలో ఇంక జాగా లేదు కదండీ, కొత్తది వస్తే పాతదొకటి బయటికి పోవాలి అన్నాను. వంద సార్లు విన్న మాటే అయినా కొత్తగా విన్నట్టు తలూపి, ఇవాళ పొద్దున్న కొలత టేపు పట్టుకుని గరాజులోకి వెళ్ళాడు. పెద్ద బీరువా పట్టాలంటే నా ఊరగాయ జాడీల అరమర పక్కకి జరపాలట.